డిస్‌ప్లే వెనక దుబాసీ

నెక్స్‌టియన్ రకం టచ్ డిస్‌ప్లేని తిరగేసి చూస్తే బయటికొచ్చేవి నాలుగే తీగలు. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, నీలం పంపడానికి, పసుపు వినడానికి. బొమ్మలు, బటన్లు, అక్షరాలు కంప్యూటర్లో తీర్చిదిద్ది అందులోకి ఎక్కించాలంటే ఈ తీగలే దారి (మెమరీ కార్డు దారి కూడా ఉందనుకోండి). ఇప్పటి ల్యాప్‌టాపులో వీటిని తగిలించే చోటే లేదు. అందుకే మధ్యలో ఒక దుబాసీ కావాలి. అదే బొటనవేలంత యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్.

అది మాట్లాడే భాష టెలిగ్రాఫ్ నాటిది. సీరియల్ వేగాన్ని చెప్పే బాడ్ రేటుకి ఆ పేరు 1874లో ప్రింటింగ్ టెలిగ్రాఫ్ పేటెంటు తీసుకున్న ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బోదో మీదుగా వచ్చింది. ఒక్కో అక్షరానికి ముందు ‘మొదలు’, వెనక ‘ఆగు’ అని చెప్పే బిట్లు టెలిప్రింటర్లవి. అవతలి మోటారు ప్రతి అక్షరానికీ కొత్తగా లయ అందుకోవాలని పెట్టిన ఏర్పాటు. మోటార్లు పోయాయి, ఆ బిట్లు మాత్రం పోలేదు. 8 బిట్ల బైటు చేరాలంటే ఇప్పటికీ 10 బిట్లు పంపాల్సిందే. 9600 బాడ్ దగ్గర సెకనుకి 960 బైట్లే నడుస్తాయి కాబట్టి ఒక మెగాబైటు డిజైను ఎక్కడానికి 18 నిమిషాలు పడుతుంది. 115200కి పెంచితే నిమిషంన్నరలో అయిపోతుంది.

టెలిప్రింటర్లనీ మోడెమ్‌లనీ కలపడానికి 1960లో అమెరికాలో ఆర్‌ఎస్-232 ప్రమాణం వచ్చింది. దాని లెక్కలో మైనస్ వోల్టేజీ అంటే ఒకటి, ప్లస్ అంటే సున్నా. 1981 నాటి ఐబీఎం పీసీ దీన్నే అందుకుంది. మౌసు, మోడెమ్ లాంటివి ఆ పోర్టుకే తగిలేవి.

1996లో యూఎస్‌బీ వచ్చింది. రెండేళ్లకే ఆపిల్ ఐమాక్ పాత పోర్టుల్ని ఊడబెరికింది. మెల్లగా మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కానీ ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో పాత యంత్రాలు అలాగే ఉన్నాయి. గ్లాస్గోలోని ఎఫ్‌టీడీఐ, తైవాన్‌లోని ప్రొలిఫిక్ లాంటి కంపెనీలు ఆ సందులో దూరాయి. వాళ్ల చిప్పుని తగిలిస్తే కంప్యూటరు తనకి పాత సీరియల్ (కామ్) పోర్టు ఉందనే నమ్ముతుంది. పాత సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోనక్కర్లేదు. అసలు కిటుకు అదే.

2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో బోర్డు ఈ చిప్పుని విద్యార్థుల బల్లమీదికి తెచ్చింది. గిరాకీ ఉన్నచోట నకిలీ ఉండనే ఉంటుంది. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవరు నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యని సున్నా చేసేసింది. బోర్డులు మూగబోయాయి. అమ్మినవాడి తప్పుకి కొన్నవాడికి శిక్ష. గోల రేగాక కంపెనీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకుంది. చైనాలోని నాన్‌జింగ్ నుంచి వచ్చే చవక సీహెచ్340 చిప్పు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగినా దొరుకుతుంది.

ఇక తెర సంగతి. హిటాచీ వారి హెచ్‌డీ44780 చిప్పుతో వచ్చిన రెండు వరసల ఎల్‌సీడీలో ఇంగ్లిషుతో పాటు జపాను వాళ్ల కటకానా లిపి ముందే ఉండేది. మనం సొంతంగా గీసుకోవడానికి మిగిలేవి 8 గళ్లే. తర్వాత సిడ్నీలోని 4డీ సిస్టమ్స్ లాంటివాళ్లు తెర వెనకే ప్రాసెసర్ని పెట్టి, దాన్ని సీరియల్ తీగ మీద ప్రోగ్రామ్ చేసే పద్ధతి తెచ్చారు. అయినా మన ఒత్తులకి మోక్షం రాలేదు. ఇలాంటి మాడ్యూళ్లలో చాలావాటికి అక్షరాల్ని పక్కపక్కన పేర్చడమే తెలుసు, కిందికి ఒత్తు దించడం తెలీదు. ‘ఉష్ణోగ్రత’ అని చూపించాలంటే ఆ మాటని బొమ్మగా అతికించడమే సులువు. బొమ్మలు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కుతుంది, అప్పుడు ఆ 18 నిమిషాల లెక్క గుర్తుకొస్తుంది.

మొదటిసారి కొనేవాళ్లకి ఒక మాట. 9 పిన్నుల సీరియల్ కేబులు చవగ్గా దొరికిందని తెచ్చి మాడ్యూలుకి నేరుగా కలపకండి. అది ఆర్‌ఎస్-232 వోల్టేజీ, డిస్‌ప్లే కాలిపోవచ్చు. తక్కువ వోల్టేజీతో నడిచే టీటీఎల్ అడాప్టరే అడగండి. దానిమీద 3.3, 5 వోల్టుల జంపరు ఉంటే మీ మాడ్యూలుకి తగ్గట్టు మార్చుకోండి. టీఎక్స్‌ని (పంపే తీగ) ఆర్‌ఎక్స్‌కి (వినే తీగ) కలపండి, గ్రౌండ్ మరవకండి.