టుంగారా కప్ప

టుంగారా కప్ప (శాస్త్రీయ నామం: ఎంగిస్టోమాప్స్ పస్ట్యులోసస్) మెక్సికో నుండి దక్షిణ అమెరికా ఉత్తర భాగం వరకు నివసించే ఒక చిన్న ఉభయచర జీవి. ఇది లెప్టోడాక్టైలిడే కుటుంబానికి చెందినది. జంతువులలో మగజీవి తన జతను పిలిచే సంకేతాలు, వాటిని బట్టి ఆడజీవి చేసే ఎంపిక ఏ విధంగా పరిణామం చెందాయో తెలుసుకొనడానికి శాస్త్రవేత్తలు మిక్కిలి విపులంగా పరిశీలించిన జంతువులలో ఇది ఒకటి. ఈ మగకప్ప కూతను ఆడకప్పతో పాటు కప్పలను తినే గబ్బిలం కూడా వింటుంది. కనుక జతను రప్పించే కూతే ప్రాణాపాయాన్ని కూడా తెచ్చిపెడుతుంది.

వర్ణన

ఈ కప్ప పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. చర్మం గోధుమ రంగులో ఉండి, దానిపై చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. జాతి నామంలోని పస్ట్యులోసస్ అనే లాటిన్ పదం ఈ బొడిపెలనే సూచిస్తుంది. ఇది రాత్రివేళ సంచరిస్తూ చీమలు, చెదపురుగులు వంటి వాటిని తింటుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ 1864లో దీనిని మొదటిసారి వర్ణించాడు. చాలాకాలం దీనిని ఫైసలీమస్ ప్రజాతిలో చేర్చినందువలన పాత గ్రంథాలలో ఫైసలీమస్ పస్ట్యులోసస్ అనే పేరు కనిపిస్తుంది. టుంగారా అనేది దీని కూతను అనుకరిస్తూ ఏర్పడిన పేరు.

ప్రత్యుత్పత్తి

వర్షాకాలంలో నేలపై నిలిచే నీటి గుంటలలో ఈ కప్పలు జతకడతాయి. చీకటి పడిన తరువాత మగకప్పలు నీటిపై తేలుతూ, గొంతు క్రింది స్వరకోశాన్ని ఉబ్బించి కూస్తాయి. ఆడకప్ప వాటి మధ్య తిరిగి ఒక మగకప్పను ఎంచుకుంటుంది. మగకప్ప దాని వీపుపైకి ఎక్కి ముందుకాళ్ళతో పట్టుకుంటుంది. ఆడకప్ప గుడ్లతో పాటు విడుదల చేసే ద్రవాన్ని మగకప్ప తన వెనుక కాళ్ళతో గిలకొట్టి తెల్లని నురుగు గూడు తయారుచేస్తుంది. ఈ నురుగులోని ప్రోటీన్లకు రానాస్పూమిన్లు అని పేరు. గుంటలో నీరు తగ్గినప్పటికీ గుడ్లు ఎండిపోకుండా నురుగు కాపాడుతుంది. ఫలదీకరణ దేహం వెలుపల జరుగుతుంది.

మగకప్ప కూత

తెలుగునాట తొలకరి వానల తరువాత చెరువుగట్ల వద్ద వినిపించే కప్పల బెకబెకల వలెనే ఇది కూడా ఆడకప్పను పిలిచే కూతే. అయితే టుంగారా కప్ప కూతలో రెండు భాగాలు ఉన్నాయి.

మూలుగు: సుమారు 900 హెర్ట్జ్ పౌనఃపున్యంతో మొదలై 400 హెర్ట్జ్ వరకు దిగే స్వరం. ఇది సెకనులో మూడవ వంతు కాలం ఉంటుంది. ప్రతి కూతలోను ఈ భాగం తప్పనిసరి.

చక్: మూలుగు చివర చేర్చే పొట్టి శబ్దం. ఒక కూతలో చక్‌లు అసలు లేకపోవచ్చు, లేదా ఒకటి నుండి ఏడు వరకు ఉండవచ్చు.

ఒంటరిగా ఉన్న మగకప్ప సాధారణంగా మూలుగుతో సరిపెడుతుంది. చుట్టూ ఇతర మగకప్పలు కూయసాగితే చక్‌లను చేరుస్తుంది.

నేపథ్యం: లైంగిక వరణం

మగ నెమలి పింఛం వంటి లక్షణాలు ప్రాణరక్షణకు ఉపయోగపడవు. ఇటువంటి లక్షణాలను వివరించడానికి చార్లెస్ డార్విన్ 1871లో వెలువడిన తన గ్రంథంలో లైంగిక వరణాన్ని విస్తృతంగా చర్చించాడు. మగజీవుల మధ్య పోటీ, ఆడజీవి ఎంపిక అనేవి ఇందులోని రెండు ముఖ్యాంశాలు. ఆడజీవి ఎంపిక అన్న భావనను ఆనాటి శాస్త్రవేత్తలు పలువురు అంగీకరించలేదు. ఆ ఇష్టం ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న తరువాత కూడా మిగిలిపోయింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడంలో టుంగారా కప్ప ఎంతగానో తోడ్పడింది.

ఆడకప్ప ఎంపిక

ఈ పరిశోధనలు అధికభాగం పనామాలో జరిగాయి. పనామా కాలువ కోసం ఛాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు గటూన్ సరస్సు ఏర్పడినది. ఆ సరస్సులోని బారో కొలొరాడో ద్వీపంలో స్మిత్సోనియన్ ఉష్ణమండల పరిశోధనా సంస్థకు పరిశోధనా కేంద్రం ఉన్నది. అక్కడ ఏ. స్టాన్లీ రాండ్ ఈ కప్పల కూతలను పరిశీలించాడు. తరువాత మైఖేల్ జె. ర్యాన్ ఆ పనిని విస్తరించాడు.

ప్రయోగ విధానం సులభమైనది. ఆడకప్పను రెండు స్పీకర్ల మధ్య ఉంచి, ఒక స్పీకరు నుండి ఒక కూతను, రెండవదాని నుండి మరొక కూతను వినిపిస్తారు. అది ఏ స్పీకరు వైపు వెళుతుందో ఆ కూతను ఎంచుకున్నట్లు లెక్క. చక్ లేని కూత కంటే చక్ ఉన్న కూత వైపే ఎక్కువ ఆడకప్పలు వెళ్ళాయి.

1980లో ర్యాన్ ప్రచురించిన పరిశోధన ప్రకారం పెద్ద మగకప్పల చక్ శబ్దం తక్కువ పౌనఃపున్యంతో ఉంటుంది, ఆడకప్పలు అటువంటి శబ్దాన్నే ఇష్టపడతాయి. దీనివలన ఆడకప్పకు లాభమున్నది. మగకప్ప మరీ చిన్నదైతే జతకట్టినప్పుడు వాటి దేహాలు సరిగా కలవక, ఎక్కువ గుడ్లు ఫలదీకరణ చెందకుండా వృథా అవుతాయి.

చెవి నిర్మాణం, ఇష్టం పుట్టుక

కప్ప లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగాలు రెండు ఉన్నాయి. ఒకటి తక్కువ పౌనఃపున్యాలకు, రెండవది ఎక్కువ పౌనఃపున్యాలకు స్పందిస్తుంది. మూలుగు మొదటి భాగాన్ని, చక్ రెండవ భాగాన్ని ప్రేరేపిస్తాయి. ఈ రెండవ భాగం సుమారు 2,100 హెర్ట్జ్ వద్ద బాగా స్పందిస్తుంది. సగటు చక్ శబ్దంలోని శక్తి అంతకంటే కొంచెం పైన ఉంటుంది. అందువలన పెద్ద మగకప్ప చేసే తగ్గుస్థాయి చక్ ఆడకప్ప చెవిని మరింత బలంగా తాకుతుంది.

ఈక్వడార్‌లో నివసించే దగ్గరి జాతి ఎంగిస్టోమాప్స్ కొలొరాడోరమ్ మగకప్పలు చక్ శబ్దం చేయవు. కాని వాటి ఆడకప్పల చెవి కూడా దాదాపు ఇదే విధంగా అమరి ఉన్నది. పరిశోధకులు ఆ జాతి కూతకు టుంగారా కప్ప చక్‌ను కృత్రిమంగా జోడించి వినిపించగా, ఆ ఆడకప్పలు జోడించిన కూతనే ఇష్టపడ్డాయి. అనగా ఇష్టం ముందే ఉన్నది, దానికి తగిన శబ్దం తరువాత ఏర్పడినది అని ర్యాన్, రాండ్ ప్రతిపాదించారు. దీనిని ఇంద్రియ వినియోగ సిద్ధాంతం అనవచ్చు. తరువాత మరికొన్ని జాతులను చేర్చి చేసిన పరిశీలనలతో ఈ ఇష్టం ఎంత పురాతనమైనదన్న విషయంపై భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి.

శత్రువులు

అంచుపెదవుల గబ్బిలం (ట్రాకాప్స్ సిర్రోసస్) కప్పల కూతలను విని వాటిని వేటాడుతుంది. మెర్లిన్ టటిల్, ర్యాన్ 1981లో ఈ విషయాన్ని ప్రచురించారు. ఈ గబ్బిలం కూడా చక్ ఉన్న కూత వైపే ఎక్కువగా వస్తుంది. రక్తం పీల్చే కొన్ని చిన్న దోమజాతి కీటకాలు సైతం అదే కూతకు ఆకర్షింపబడతాయి. చక్‌లు చేర్చకపోతే జత దొరకడం కష్టం, చేర్చితే ప్రాణానికి ముప్పు. మగకప్ప పరిస్థితిని బట్టి కూతను మార్చుకొనడానికి ఇదే కారణమని భావిస్తున్నారు. పెద్ద గుంపులో కూసేటప్పుడు ఒక్కొక్క కప్పకు కలిగే ప్రమాదం తగ్గుతుంది.

గబ్బిలం కనిపించగానే కప్ప కూయడం ఆపివేస్తుంది. అయితే స్వరకోశం కదలిక వలన నీటిపై లేచిన చిరు అలలు మరికొన్ని సెకనుల పాటు కొనసాగుతాయి. గబ్బిలం ప్రతిధ్వనుల సాయంతో ఆ అలలను కూడా గుర్తించగలదని 2014లో వెల్లడైనది. దగ్గరలోని పోటీ మగకప్పలు కూడా అవే అలలకు స్పందిస్తాయి.

ఎంపికలో పరిమితులు

చక్‌ల సంఖ్య ఇంకా ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు గబ్బిలమే కారణమని చెప్పడం తేలిక. 2011లో వెలువడిన పరిశోధన మరొక కారణాన్ని చూపినది. ఆడకప్ప రెండు కూతలను పోల్చేటప్పుడు చక్‌ల మధ్య తేడాను కాక నిష్పత్తిని గమనిస్తుంది. ఒకటికి, రెండింటికి మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఐదుకు, ఆరుకు మధ్య తేడా అంతగా తెలియదు. కనుక చక్‌లు పెరిగేకొద్దీ ప్రతి కొత్త చక్ వలన కలిగే లాభం తగ్గిపోతుంది. గబ్బిలం కూడా ఇదే విధంగా పోలుస్తుంది కాబట్టి అదనపు ప్రమాదం కూడా తగ్గుతుంది. అందువలన కూత పెరుగుదలకు హద్దు విధించినది గబ్బిలం కంటే ఆడకప్ప గ్రహణశక్తియే కావచ్చునని పరిశోధకులు అభిప్రాయపడ్డారు.

ఆడకప్ప ఎంపిక ఎల్లప్పుడూ స్థిరంగా ఉండదు. రెండు కూతలకు తోడుగా అంతగా ఆకర్షణ లేని మూడవ కూతను వినిపించినప్పుడు, మొదటి రెండింటి మధ్య ఇష్టం తారుమారు కావచ్చునని 2015లో నిరూపించారు.

నగరాలలో మార్పు

పనామాలో నగర ప్రాంతాల కప్పలను, అడవి కప్పలను పోల్చిన పరిశోధన 2018లో వెలువడినది. నగరంలో గబ్బిలాలు, రక్తం పీల్చే కీటకాలు తక్కువ, వచ్చే ఆడకప్పలు కూడా తక్కువే. అక్కడి మగకప్పలు ఎక్కువసార్లు, ఎక్కువ చక్‌లతో కూస్తాయి. ఆడకప్పలు ఈ నగరపు కూతలనే ఎక్కువగా ఎంచుకున్నాయి. నగర కప్పలను అడవికి తరలించగా అవి తమ కూతలోని చక్‌లను తగ్గించుకున్నాయి. అడవి కప్పలను నగరానికి తెచ్చినప్పుడు మాత్రం అవి చక్‌లను పెంచలేదు. మనుషులు మార్చిన పరిసరాలు జంతువుల జత సంకేతాలను కూడా మార్చగలవని దీనివలన తెలుస్తున్నది.

పరిరక్షణ స్థితి

విస్తారమైన ప్రాంతంలో నివసిస్తూ, మానవ ఆవాసాల సమీపంలో కూడా మనగలుగుతున్నందున ఐయూసీఎన్ దీనిని ముప్పు తక్కువగా ఉన్న జాతుల జాబితాలో చేర్చినది.

ఇవి కూడా చూడండి

లైంగిక వరణం
ప్రకృతి వరణం
ఉభయచరాలు
గబ్బిలం
చార్లెస్ డార్విన్