రామగుండము: రైలు ముందా, బొగ్గు ముందా?

కాజీపేట నుండి ఉత్తరముగా పోవు రైలు పెద్దపల్లి దాటి, గోదావరిని చేరకముందే రామగుండమున ఆగును. దూరప్రయాణికులకు ఇది కొద్ది నిమిషముల మజిలీ. అయినను, ఒక్క పగలు ఇక్కడ దిగి తిరిగి చూచినవారికి ఇనుపదారికిని నేలబొగ్గుకును గల చుట్టరికము చక్కగా బోధపడును.

ఈ ఊరికి పేరు వచ్చినది రైలు వలన కాదు, బొగ్గు వలన కాదు. చేరువనున్న గుట్టమీద 'రాముని గుండాలు' అను సహజమైన నీటి మడుగులు కలవు. వనవాస కాలమున శ్రీరాముడు ఇచ్చట విడిసెనని స్థలప్రతీతి.

బొగ్గు బయటపడిన చోటికి రైలు వెళ్లుట లోకసామాన్యము. సింగరేణి కథయు అట్లే ఆరంభమైనది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. 1886లో ఇంగ్లండున నెలకొన్న హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. 1889లో బొగ్గు తీయనారంభించిరి. దానిని తరలించుటకే డోర్నకల్లు వైపు నుండి ఇల్లందుకు శాఖామార్గము వేసిరి. ఇల్లందు స్టేషనుకు పెట్టిన పేరు సైతము 'సింగరేణి కాలరీస్'! గనులకు 1920 నుండి యాజమాన్యము వహించిన సంస్థయు సింగరేణి పేరునే ధరించినది.

రామగుండమున ఈ వరుస తారుమారైనది. కాజీపేట, బల్లార్షాల నడుమ మార్గము 1929లో పూర్తి కాగా, మద్రాసుకు ఢిల్లీతో నేరుగా రైలు సంబంధము ఏర్పడినది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ సంవత్సరమే ప్రారంభమైనది. అప్పటికి రామగుండమున గనులు లేవు. దాదాపు ముప్పది ఏండ్లపాటు బొగ్గు మండించుకొనుచు పరుగులు తీసిన ఇంజనులు, తమ దారి ప్రక్కనే ఎంత బొగ్గు నిద్రించుచున్నదో యెరుగక సాగిపోయినవి. 1960ల తొలినాళ్లలో గాని ఇక్కడి గనులు పని చేయలేదు. నదిపేరును, గనిపేరును కలిసి గోదావరిఖని అను పట్టణము అప్పుడు వెలసినది. నేటికిని ఆ పట్టణమునకు పోవువారు రామగుండము స్టేషనులో దిగి బస్సెక్కవలసినదే.

బొగ్గును వెంబడించి విద్యుత్తు వచ్చినది. 1971లో 62.5 మెగావాట్ల కేంద్రము, 1983లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి తొలి యూనిట్టు ఉత్పత్తి ఆరంభించినవి. ఈ రెండవ కేంద్రము తరువాత 2,600 మెగావాట్లకు పెరిగినది. దానికి బొగ్గు చేరవేయు ప్రత్యేకమైన రైలుదారి చూడదగినది. గని యొద్ద బండి మెల్లగా కదలుచుండగనే బొగ్గు నింపుదురు. కేంద్రమున పెట్టెల అడుగు తలుపులు తెరచుకొని బొగ్గు జారిపడును. ఖాళీబండి తిరిగి గనికి పోవును. దీనికి రంగులరాట్నపు పేరే పెట్టినారు: మెర్రీ గో రౌండ్.

అయితే రాట్నము ఎల్లకాలము తిరుగునా? ఇల్లందులోని తొలినాటి గనులు ఏనాడో మూతబడినవి. రామగుండమున 1980లో బొగ్గు ఆధారముగా మొదలైన ఎరువుల కర్మాగారము 1999లో మూతబడి, 2021లో తిరిగి ఉత్పత్తికి వచ్చినది. కాని ఇప్పుడు అది వాడునది బొగ్గు కాదు, గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువు. 1971 నాటి విద్యుత్ కేంద్రము 2024లో ఆగిపోయినది. గనికి ఆయువు లెక్క యున్నది, పొర తరిగిన నాడు అది తీరును. గనిని నమ్మి ఇల్లు కట్టుకొన్న ఊరికి ఆ లెక్క చాలదు. తండ్రి గనిలో దిగిన యింట బిడ్డ యేమి చేయవలెనన్న ప్రశ్న ఈ పట్టణములో ప్రతి గడపకును తెలిసినదే.

సాయంకాలమునకు తిరిగి స్టేషను చేరినవారు పట్టాల వంక ఒకమారు చూడవలెను. ఈ దారి బొగ్గు కొరకు ఎదురుచూడక ముందే వచ్చినది. ఆవిరి ఇంజనులు పోయినను, విద్యుత్తు ఇంజనులతో నడచుచున్నది. ఒక్క సరుకును గాక అనేక ఊళ్లను కలుపుటకు పుట్టినది గనుక దీనికి ఆ బలము కలిగినది. పట్టణములకును ఇదియే పాఠము. ఒక్క జీవనాధారము మీద నిలిచినది దానితోనే ఒరగును, పదింటిని కూర్చుకొన్నది నిలుచును.