అమ్మోనియం నైట్రేట్: దానంతట అది మండదు.. అసలు డేంజర్ అక్కడే!

ఓసీపీలో సైరన్ మోగిందంటే చాలు.. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ జనాలకు వేరే చెప్పక్కర్లేదు. బ్లాస్టింగ్ టైమ్ అయిందని అర్థం. కాసేపటికే కిటికీ తలుపులు గడగడలాడతాయి. బొగ్గు మీదున్న మట్టిని, బండరాయిని పిండి చేసే ఆ పేలుడు వెనక ఉన్న ముఖ్యమైన ముడిసరుకు ఒక తెల్లటి పొడి. అదే పొడి చిన్న సీసాలో కెమిస్ట్రీ ల్యాబ్ అల్మారాలో కూడా కనిపిస్తుంది. దాని పేరే అమ్మోనియం నైట్రేట్.

బీరుట్ పేలుడు వీడియోలు చూశాక ఈ పేరు వింటేనే చాలామందికి భయం. మరోవైపు రోజూ దాంతో పని చేసేవాళ్లలో కొందరికి అస్సలు భయం ఉండదు. "అగ్గిపుల్ల వేసినా అంటుకోదు, ఏం కాదు" అంటారు. నిజానికి ఈ రెండూ కరెక్ట్ కాదు.

అసలేంటీ పొడి?

అమ్మోనియా, నైట్రిక్ యాసిడ్ కలిస్తే వచ్చే లవణం ఇది. చూడ్డానికి తెల్లటి స్ఫటికాలు లేదా చిన్న గుళికలు. వాసన ఉండదు. గాలిలోని తేమను పీల్చుకుని గడ్డ కడుతుంది. నీళ్లలో వేస్తే ఇట్టే కరిగిపోతుంది, కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆటగాళ్ల దెబ్బలకు పెట్టే ఇన్‌స్టంట్ కోల్డ్ ప్యాక్‌లలో దీన్ని వాడేది అందుకే.

సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 210 డిగ్రీలు దాటితే విడిపోవడం మొదలై వాయువులు బయటకొస్తాయి. మామూలు గది వేడిలో, శుభ్రంగా, విడిగా ఉన్నంతసేపు దీని జోలికి మనం పోకపోతే అది మన జోలికి రాదు.

మరి ప్రమాదం ఎక్కడుంది? ఇది ఆక్సిడైజర్. అంటే తాను మండదు కానీ పక్కనున్న దాన్ని మండించడానికి కావాల్సిన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకు తిరుగుతుంది. డీజిల్, రంపపు పొట్టు, కాగితం, బొగ్గు పొడి, జింక్, అల్యూమినియం వంటి లోహపు పొడులు.. వీటిలో ఏది కలిసినా కథ మారిపోతుంది. దానికి తోడు వేడి తగిలి, ఆవిరి బయటకు పోయే దారి లేకుండా మూసుకుపోయి ఉంటే పేలిపోవచ్చు.

ఇక్కడ కన్ఫ్యూజ్ కావొద్దు

రామగుండంలో తెల్ల గుళికలు అనగానే గుర్తొచ్చేది యూరియా. పాత ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఆ స్థలంలోనే వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల వేప పూత యూరియా దీని సామర్థ్యం. అక్కడ తయారయ్యేది యూరియా, అమ్మోనియం నైట్రేట్ కాదు. యూరియా ఆక్సిడైజర్ కాదు. రెండూ తెల్లగా ఉంటాయి, రెండూ నీళ్లలో కరిగి చల్లబడతాయి. కాబట్టి చూసి, ముట్టుకుని ఏది ఏదో చెప్పలేం. లేబుల్ ఒక్కటే ఆధారం. "కాల్చి చూద్దాం" అనే ప్రయోగం మాత్రం ఎవరూ చేయొద్దు.

బాయి లోపల ఒకలా, ఓసీపీలో ఒకలా

ఓపెన్‌కాస్ట్ గనుల్లో అమ్మోనియం నైట్రేట్‌ను ఇంధన నూనెతో కలిపి గానీ, ఎమల్షన్ రూపంలో గానీ డ్రిల్లింగ్ చేసిన గుంతల్లో నింపుతారు. అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయిలో మాత్రం మామూలు పేలుడు పదార్థాలు వాడటానికి వీల్లేదు. మీథేన్ గ్యాస్, బొగ్గు ధూళి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి మంట వేడి తక్కువగా ఉండేలా తయారుచేసిన, గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదించిన పర్మిటెడ్ ఎక్స్‌ప్లోజివ్స్ మాత్రమే కిందికి దిగుతాయి.

ఈ పనిలో ప్రాణాలు ఎంత దగ్గరగా ఉంటాయో కోల్‌బెల్ట్‌కు బాగా తెలుసు. 2020 జూన్ 2న, రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం రోజే, రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో గుంతల్లో పేలుడు పదార్థం నింపుతుండగా పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్ట్ కార్మికులు చనిపోయారు. దాదాపు రెండు నెలలకు బీరుట్ ఘటన జరిగింది.

బీరుట్ నుంచి హైదరాబాద్ దాకా..

2020 ఆగస్టు 4. లెబనాన్ రాజధాని బీరుట్ పోర్టు గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న 2,750 టన్నుల సరుకు పేలింది. 200 మందికి పైగా చనిపోయారు, వేల మంది గాయపడ్డారు. ముందు గోదాములో మంటలు లేచాయి, ఆ తర్వాతే ఇది పేలింది. అంటే అన్నేళ్లూ అది చప్పుడు చేయకుండానే ఉంది.

ఆ వెంటనే అందరి చూపూ చెన్నై మీద పడింది. 2015లో కస్టమ్స్ పట్టుకున్న దాదాపు 740 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అప్పటికీ అక్కడి మనాలి గోదాములోనే ఉంది. వరదలో పాడైంది పోగా మిగిలిన 697 టన్నులను వేలంలో కొన్నది హైదరాబాద్‌కు చెందిన కంపెనీయే. ఆగస్టు రెండో వారంలో కంటెయినర్లు తెలంగాణ దారి పట్టాయి.

పాత పాఠాలు ఇంకా గట్టివి. 1921లో జర్మనీలోని ఒప్పావులో అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ కలిసిన ఎరువు గుట్ట గడ్డకట్టింది. దాన్ని పగలగొట్టడానికి ఏకంగా డైనమైట్ వాడారు! అంతకుముందు వేల సార్లు అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఆ రోజు మాత్రం గుట్టే పేలి 500 మందికి పైగా పోయారు. 1947లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఓడలో మంట వచ్చింది. నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని తలుపులు మూసి లోపలికి ఆవిరి పంపారు. గాలి ఆగితే మంట ఆరుతుందనుకున్నారు. కానీ ఈ పొడికి బయటి గాలితో పనేముంది? ఓడ పేలింది. దాదాపు 580 మంది మృతుల్లో మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా ఉన్నారు.

ల్యాబ్‌లో ఏం చేయాలి?

సీసాలో ఉండే కొద్ది గ్రాములు బీరుట్‌ను సృష్టించవు. అయినా చేతులు, కళ్లు కాల్చడానికి అవి చాలు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసే పిల్లలకు అమ్మోనియం లవణాలు, నైట్రేట్‌లు రెండూ తగులుతాయి. తెలియని లవణాన్ని వేడి చేసేటప్పుడు చిటికెడు మాత్రమే తీసుకోవాలి. టెస్ట్ ట్యూబ్ మూతి ఎవరి వైపూ ఉండకూడదు, దానికి బిరడా అస్సలు పెట్టకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. అమ్మోనియం నైట్రేట్, జింక్ పొడి కలిపి నీటి చుక్కతో మంట పుట్టించే వీడియోలు సోషల్ మీడియాలో తిరుగుతుంటాయి. చూసి వదిలేయండి.. ఇంట్లో ట్రై చేస్తే అంతే సంగతులు.

నిల్వ విషయంలో చాలా ల్యాబ్‌లలో కనిపించే తప్పు ఒకటుంది. సీసాలను అక్షర క్రమంలో సర్దడం! పేరును బట్టి కాదు, గుణాన్ని బట్టి సర్దాలి. దీన్ని స్పిరిట్, అసిటోన్, నూనెలు, లోహపు పొడులు, యాసిడ్‌లు, క్లోరేట్‌లు, నైట్రైట్‌లకు దూరంగా, పొడిగా, చల్లగా ఉన్న చోట గట్టి మూతతో ఉంచాలి. వాడే చెంచా శుభ్రంగా ఉండాలి. బయటకు తీసిన పొడిని మళ్లీ సీసాలో పోయొద్దు, దాంతో పాటు చెత్త కూడా లోపలికి పోతుంది.

కింద ఒలికితే రంపపు పొట్టు, పాత గుడ్డ, న్యూస్‌పేపర్‌తో ఎత్తొద్దు. శుభ్రమైన ప్లాస్టిక్ చేటతో ఎత్తి, విడిగా డబ్బాలో వేసి లేబుల్ అంటించాలి. చెత్తబుట్టలో వేయకూడదు. పాత సీసాలో పొడి గడ్డకట్టి ఉంటే సుత్తితో కొట్టడం, గీకడం, వేడి చేయడం వద్దు. లెక్చరర్‌కు చెప్పి పక్కన పెట్టించాలి.

నారింజ రంగు పొగ కనిపిస్తే?

మంట చిన్నదై, ఇంకా పొడిని చేరకపోతే ఎక్కువ నీళ్లు కొట్టాలి. డ్రై పౌడర్, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఇక్కడ పనిచేయవు, కారణం టెక్సాస్ సిటీ కథలోనే ఉంది. బస్తాలున్న గోదాము అంటుకుంటే మాత్రం వీడియో తీస్తూ నిలబడకుండా దూరంగా పరుగెత్తడమే. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి లోపల ఏముందో ముందే చెప్పాలి.

బ్లాస్టింగ్ తర్వాత ఓసీపీ మీద ఒక్కోసారి లేచే నారింజ, గోధుమ రంగు పొగ ఉత్త దుమ్ము కాదు. అందులో నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటుంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు, గొంతు మంట తప్ప పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. కానీ కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. కాబట్టి "ఇప్పుడు బాగానే ఉన్నా కదా" అని డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకోవడం మంచిది కాదు. ఆస్పత్రికి వెళ్లి ఏ పొగ పీల్చారో డాక్టర్‌కు చెప్పాలి.

పొడి కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. పొరపాటున మింగితే రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గవచ్చు. పెదాలు, గోళ్లు నీలంగా మారితే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద 2012లో అమ్మోనియం నైట్రేట్ నిబంధనలు వచ్చాయి. బరువులో 45 శాతం కంటే ఎక్కువ అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలు కూడా వీటి పరిధిలోకి వస్తాయి. తయారీ, నిల్వ, అమ్మకం, రవాణా, దిగుమతి.. అన్నిటికీ లైసెన్స్ కావాలి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో దీన్ని చూస్తుంది. బీరుట్ తర్వాత 2021లో నిబంధనలను మళ్లీ సవరించారు. దిగుమతి బస్తాల్లోనే జరగాలి, పట్టుబడిన సరుకును గోదాముల్లో మూలగనివ్వకుండా త్వరగా వేలం వేయాలి అన్నవి ఆ మార్పుల్లో ఉన్నాయి. నిల్వలో తేడా వచ్చినా, దొంగతనం జరిగినా లైసెన్స్ ఉన్నవాళ్లు వెంటనే పోలీసులకు చెప్పాల్సిందే.