స్టువర్టుపురం నుంచి హైదరాబాదు దాకా ఒకే చట్టం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మైలవరం రెండు రాజ్యాల మధ్య ఊరు. మద్రాసు ప్రెసిడెన్సీలో, కృష్ణా జిల్లాలో ఒక జమీందారీ. వాయవ్యంగా మధిర వైపు సాగితే నిజాం సరిహద్దు వచ్చేది. దక్షిణాన కృష్ణ దాటి బాపట్ల దిక్కుగా వెళితే, ఎరుకల కుటుంబాలను పోలీసు పహరాలో పెట్టిన స్టువర్టుపురం. సరిహద్దుకు అవతల హైదరాబాదులో హిజ్రాల పేర్లు రాసిపెట్టుకున్న మరో చట్టం. మన చరిత్ర రచనలో ఒకటి కులం, తెగల అధ్యాయంలోకి పోయింది. రెండోదానికి అసలు అధ్యాయమే దక్కలేదు. నా దృష్టిలో ఇవి ఒకే చరిత్ర. పుట్టుకను నేరం చేసిన చెయ్యీ, దేహాన్ని నేరం చేసిన చెయ్యీ ఒక్కటే. కాబట్టి ఈ ఇద్దరి విడుదల కోసం జరిగిన పోరాటాలను కూడా పక్కపక్కన పెట్టుకునే చదవాలి.

దీనికి మొదటి సాక్ష్యం 1871 నాటి 27వ చట్టం. నేరస్త తెగల చట్టంగా అందరికీ తెలిసిన ఆ చట్టంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం తెగలది. ప్రభుత్వం ఏదైనా తెగను నేరస్త తెగగా ప్రకటిస్తే ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. రెండో భాగం హిజ్రాల మీద గురిపెట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, ‘ప్రకృతి విరుద్ధ’ నేరాలు చేస్తారనో అనుమానం ఉంటే చాలు, పేరూ ఆస్తీ రిజిస్టరుకెక్కేవి. అలా ఎక్కినవాళ్ళు ఆడవేషంలో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ళ దాకా జైలు. వాళ్ళు దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు, తమ సొత్తు ఎవరికీ దానంగా ఇవ్వకూడదు. గురువు దగ్గర చేరి, గురువు తర్వాత ఆ ఇంటిని నిలబెట్టుకుంటూ వచ్చిన మనుషులకు ఈ చివరి మూడు నిషేధాలు జైలు కన్నా ఘోరమైనవి. వాటి పని ఒక మనిషిని దండించడంతో తీరదు, తరం తరవాత తరం లేకుండా చేయడమే వాటి ఉద్దేశం.

డెల్టాలో జరిగింది మొదటి భాగపు కథ. ఎరుకలవారు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య తిరిగిన వర్తకులు. సర్కారు ఉప్పు చట్టాలు, ఆ తర్వాత రైళ్ళు ఆ బేరాన్ని తినేశాయి. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. బతుకుతెరువు పోయి సంచరించేవాళ్ళను సర్కారు అనుమానితులుగా లెక్కగట్టింది. 1911లో చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరిట, క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు వెలిసింది. వేలిముద్రలు, హాజరు, పాసు లేనిదే పొలిమేర దాటకూడదన్న ఆంక్ష అక్కడి దినచర్య. చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి అక్కడి నుంచే కూలీలు అందారు. మనుషుల్ని సంస్కరించడానికే అన్న సెటిల్‌మెంటు ఎవరికి అక్కరకొచ్చిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఈ రెండూ ఒకే చరిత్ర అనడానికి ఒక ఆక్షేపణ ఉంది, తేలిగ్గా తోసెయ్యదగింది కాదు. 1871 చట్టపు రెండో భాగం మొదట ఉత్తరాదిన అమలైంది. మన వైపు ఎరుకలవారిని బంధించింది 1911 చట్టం. హైదరాబాదు హిజ్రాలను బంధించింది 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం చేసిన చట్టం. పాలకులు వేరు, కాలం వేరు, ఉద్దేశమూ వేరే. ఎరుకలవారిని పనిలో పెట్టాలనుకున్నారు, హిజ్రాలను అంతరింపజేయాలనుకున్నారు. నిజమే. కానీ నిజాం చట్టం పాఠం చూస్తే అదే రిజిస్టరు, అదే వారంటు లేని అరెస్టు, అవే రెండేళ్ళు. పిల్లల సంగతి ఇంకా స్పష్టం. హిజ్రాల దగ్గర పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు ఉండటమే నేరం. 1911 చట్టమేమో తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో వేసే అధికారం సర్కారుకిచ్చింది. వీళ్ళ దగ్గర పెరిగితే బిడ్డ చెడిపోతాడన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

ఇంకో ఆక్షేపణ మన ఉద్యమాల లోపలి నుంచే వస్తుంది: లింగ, లైంగికతల ప్రశ్న కలిపితే కులపోరాటం పలచబడుతుందని. అమెరికా నల్లజాతి ఉద్యమమూ ఈ భయం పడింది. గాంధేయ పోరాట పద్ధతి నేర్చుకోవడానికి 1948లో భారతదేశం వచ్చిన ఆ ఉద్యమ నాయకుడు బేయర్డ్ రస్టిన్ స్వలింగ ప్రేమికుడు. ఆ కారణంగానే 1960లో మార్టిన్ లూథర్ కింగ్ ఆయన్ని దూరం పెట్టాల్సి వచ్చింది. 1963లో వాషింగ్టన్ ప్రదర్శనకు ముందు సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ సభలోనే ఆయన మీద బురద చల్లాడు. ఈసారి ప్రదర్శన సారథి ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ పక్కకు తప్పుకోలేదు. ఆగస్టు 28న సుమారు రెండున్నర లక్షల మంది కదిలిన ఆ ప్రదర్శనను నడిపిన చెయ్యి రస్టిన్‌దే. ఆయన్ని వెంట ఉంచుకున్నందువల్ల ఉద్యమం పలచబడలేదు.

నేరస్త తెగల చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఎరుకలవారికి షెడ్యూల్డు తెగ హోదా దక్కింది. కవి జాషువా కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. నిజాం చట్టం మాత్రం పుస్తకాల్లో నిలిచే ఉంది. ట్రాన్స్ ఉద్యమకారిణి వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2018లో హైకోర్టు దాని అమలు ఆపి, 2023 జూలై 6న రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే డెబ్భై ఏళ్ళు ఎక్కువ పట్టింది. ఆ ఆలస్యానికి కారణం చట్టం కన్నా మన మౌనమేనని నా అభిప్రాయం. ఒక భాగం పోతే సంబరపడి, రెండోది ఎవరిదోలే అని వదిలేశాం. ఇప్పటికీ దళిత కుటుంబంలోనో ఎరుకల కుటుంబంలోనో పుట్టిన ట్రాన్స్ మనిషి సర్టిఫికెట్ల దగ్గర ఒక గుర్తింపుకే పరిమితం కావలసి వస్తోంది. తూత్తుకుడి దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను ఏళ్ళుగా అడుగుతున్నది ప్రతి కుల వర్గంలోనూ ట్రాన్స్ మనుషులకు సమాంతర కోటా ఇవ్వమనే. కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో ఒక శాతం చొప్పున ఆ పని చేసింది. అమరావతిలోనూ హైదరాబాదులోనూ ఇదే కోటాను కుల సంఘాలూ ట్రాన్స్ సంఘాలూ ఒకే వినతిపత్రం మీద సంతకాలు పెట్టి అడగాలి.