గేటు నంబరు 19, చెమ్మ తగిలిన వెల్డింగ్ రాడ్డు

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. డ్యాము కర్ణాటకలో, గుండె దడ మాత్రం మన కర్నూలు, కడపల్లోనూ. కేసీ కెనాలుకీ, హెచ్చెల్సీ, ఎల్లెల్సీలకీ ఆ నీళ్ళే కదా ఆధారం! గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ పలకలు ఒక్కొక్కటే దించి, 17కల్లా నీటిని ఆపారు. అందరూ టీవీల్లో క్రేన్లను చూశారు, నేను ఆ పలకల అతుకుల గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను :)

మందపాటి, గట్టి ఉక్కును అతికేటప్పుడు అసలు శత్రువు హైడ్రోజన్. రాడ్డు పూతలో చెమ్మ ఉంటే ఆర్క్ వేడికి అది విడిపోయి, హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరుతుంది. అతుకు చల్లారాక, పక్కనే గట్టిపడిన ఉక్కులో పగులు తెస్తుంది. అదీ వెంటనే కాదు, గంటల తర్వాత, ఒక్కోసారి రెండు రోజులకి. టెస్టింగులో పాసై ప్రొడక్షన్లో పేలే బగ్ అన్నమాట. అందుకే కీలకమైన అతుకుల్ని 48 గంటలు ఆగి తనిఖీ చేస్తారు.

దీనికి విరుగుడుగా వచ్చినవే లో హైడ్రోజన్ రాడ్లు. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల కవచాలు అతకడానికి వీటి అవసరం బాగా తెలిసొచ్చింది. మన షాపుల్లో అడిగే 7018 ఈ జాతిదే. 70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌన్ల బలం.

మరి రాడ్డు కొనేస్తే సరిపోతుందా? మెల్‌బోర్న్ కింగ్స్ బ్రిడ్జి సంగతి చూడండి. 1961లో తెరిచారు. 1962 జులై 10న, చలి ఉదయం, ఒక బరువైన లారీ కింద ఒక స్పాను కుంగింది. అదృష్టం, ఎవరూ పోలేదు. విచారణలో తేలిందేమంటే, గడ్డర్ల కింద అతికిన పట్టీల చివర్లలో వంతెన తెరవకముందే పగుళ్ళున్నాయి. ఎక్కువ బలమని ఎంచుకున్న ఉక్కులో కార్బన్, మాంగనీసు ఎక్కువై, వెల్డింగుకి మొరాయించింది. ఉక్కుని బట్టి ప్రీహీటూ, రాడ్డూ, పద్ధతీ మారాలి. ఒక్కటి తప్పినా మిగతావి కాపాడవు.

"మన సీమలో గాలే పొడి, రాడ్లకేం చెమ్మ?" అనకండి. ఆగస్టులో డ్యాము గట్టు మీద నిలబడి చూడండి! ప్యాకెట్టు విప్పి బయట పెట్టిన 7018 కొన్ని గంటల్లోనే చెమ్మ పీలుస్తుంది. తయారీదారు చెప్పినట్టు సుమారు 300-350 డిగ్రీల్లో గంటో రెండు గంటలో కాల్చి, 120 డిగ్రీల పెట్టెలో ఉంచి, వాడేటప్పుడే తీయాలి. అలాగని సెల్యులోజ్ పూత రాడ్లని కూడా కాల్చేరు, వాటికి కాస్త తేమ కావాలి.

2025 ఖరీఫ్‌లో డ్యాము నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. 33 గేట్లనీ మార్చాలన్నది నిర్ణయం. కొత్త గేట్ల టెండరు మొత్తం ఎంతన్నది పేపర్లు రాస్తాయి. నాకైతే ఆ వెల్డింగ్ షెడ్డులో ఓవెన్ రిజిస్టరు ఎవరు రాస్తున్నారో, ఎవరు సంతకం పెడుతున్నారో చూడాలనుంది.