క్యాటలిటిక్ కన్వర్టర్ తొలగింపు: వాహన పనితీరుపై ప్రభావం (బాలానగర్ పరిసరాలు)

క్యాటలిటిక్ కన్వర్టర్ తొలగింపు అంటే ఇంజనుకూ సైలెన్సరుకూ నడుమ పొగగొట్టంలో ఉండే శుద్ధి డబ్బాను కోసి తీసేసి, ఆ చోట మామూలు గొట్టం అతికించడం. డబ్బాను పైకి అలాగే ఉంచి, లోపలి తేనెపట్టు వంటి సిరామిక్ దిమ్మెను పగలగొట్టి ఖాళీ చేయడం ఇందులోనే మరో పద్ధతి. మెకానిక్కులు రెంటినీ ‘క్యాట్ తీసేయడం’ అనే అంటారు. పికప్, మైలేజీ పెరుగుతాయన్న నమ్మకం, పాడైన కన్వర్టర్ స్థానంలో కొత్తది వేయించే ఖర్చు, చప్పుడు మీద మోజు దీనికి ప్రధాన కారణాలు.

నేపథ్యం

కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ నిబంధన 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నైలలో మొదలైంది. సీసం తగిలితే ఉత్ప్రేరకం పనికిరాకుండా పోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే అక్కడికి వచ్చింది. 1998 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర రాజధానులు సహా 45 నగరాలకు దీన్ని విస్తరించారు. బాలానగర్ ఉన్న హైదరాబాద్ విషయంలో 2000 సంవత్సరాన్ని చెప్పడమూ కద్దు. అది సీసం లేని పెట్రోలు దేశమంతటికీ అందిన ఏడాది, ఇండియా-2000 ప్రమాణాలు అమలైన ఏడాది. నగరానికి సంబంధించినంతవరకు 1998ని తీసుకోవడమే సబబు. ఆ తర్వాత భారత్ స్టేజ్ (బీఎస్) ఉద్గార ప్రమాణాల్లో బీఎస్-4 2010లో ఎంపిక చేసిన నగరాలతో పాటు హైదరాబాద్‌కూ వచ్చింది. బీఎస్-6 మాత్రం 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఒకేసారి అమలైంది.

బాలానగర్ పాత పారిశ్రామికవాడ. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థల చుట్టూ లేత్, వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షెడ్లు పెరిగాయి. గొట్టం కోసి అతికించడం ఇటువంటి చోట పెద్ద పనేమీ కాదు. పొరుగునే సనత్‌నగర్‌లో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం ఉంది. నగరంలో గాలి నాణ్యతను కొలిచే కేంద్రాల జాబితాలో బాలానగర్ పేరు చాలాకాలంగా కనిపిస్తుంది.

శక్తి, పికప్

కన్వర్టర్ పొగ దారిలో కొంత అడ్డే. పొగ బయటకు పోవడానికి ఇంజను పెట్టే శ్రమలో దీని వాటా ఉంటుంది. అయితే ఇప్పటి కన్వర్టర్లలో చదరపు అంగుళానికి కొన్ని వందల సన్నటి గదులు, పలుచటి గోడలు ఉంటాయి. అందువల్ల ఆ అడ్డు స్వల్పం. టర్బో లేని మామూలు కారులో తీసేసినందువల్ల పెరిగే శక్తి సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం మధ్య ఉంటుందని చెప్పవచ్చు. 80 హార్స్‌పవర్ ఇంజనుకు రెండు శాతం అంటే ఒకటిన్నర హార్స్‌పవర్ పైచిలుకు. అదీ ఇంజను అధిక వేగంతో తిరిగేటప్పుడే. తక్కువ వేగంలో టార్క్ కొద్దిగా తగ్గే ఇంజన్లూ ఉన్నాయి, ఎందుకంటే పొగగొట్టం పొడవు, వ్యాసం, పీడన తరంగాలు అన్నీ కన్వర్టర్‌ను లెక్కలో ఉంచుకుని కూర్చినవి. టర్బో కార్లలో, ఇంజనును నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రామ్ కూడా మార్చితే, లాభం ఇంతకంటే ఎక్కువ.

బాలానగర్‌లోని నర్సాపూర్ చౌరస్తా మీద 2021 జులైలో ఫ్లైఓవర్ తెరిచాక కొంత ఊరట కలిగినా, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీకి వెళ్లే కారు ఆఫీసు వేళల్లో ఆ అధిక వేగాన్ని అందుకునే సందర్భాలు అరుదు.

మరి ‘తీయించాక బండి ఎగిరిపోతోంది’ అనేవారి అనుభవం అబద్ధమా? చాలావరకు కాదు. వారు పోల్చేది పూడిపోయిన కన్వర్టర్‌తో. ఇంజను ఆయిల్ తాగుతున్నా, ప్లగ్ మిస్‌ఫైర్ అయి కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి చేరినా, లోపలి దిమ్మె మసిబారుతుంది లేదా వేడికి కరిగి గడ్డకడుతుంది. అప్పుడు పొగకు దారి మూసుకుపోయి బండి ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది. దాన్ని తీసేసినా, కొత్తది వేసినా పికప్ ఒకే తీరున తిరిగొస్తుంది. పూడికకు మూలమైన ఇంజను లోపం మాత్రం తీసేయడంతో పోదు. పికప్ పెరిగిందన్న వాదనల్లో అధికభాగాన్ని ఈ వివరణే సమర్థంగా విడమరుస్తుంది.

మైలేజీ, సెన్సర్లు

మైలేజీ పెరుగుతుందన్న మాటకు ఆధారం బలహీనం. ఇంజనులోకి వెళ్లే గాలి, పెట్రోలు పాళ్లను (బరువులో సుమారు 14.7:1) ముందరి ఆక్సిజన్ సెన్సర్ నిర్ణయిస్తుంది. కన్వర్టర్ వెనుక ఉండే రెండో సెన్సర్ ప్రధానంగా దాని పనితీరుకు కాపలా. కన్వర్టర్ లేకపోతే రెండు సెన్సర్లూ దాదాపు ఒకే రీడింగ్ చూపుతాయి. స్కానర్‌లో పీ0420 కోడ్ పడుతుంది, డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. కొన్ని కార్లలో రెండో సెన్సర్ కూడా మిశ్రమాన్ని సరిచేస్తుంది. వాటిలో ఇంధన వినియోగం దెబ్బతినవచ్చు. అతుకు సరిగా లేక బయటి గాలి ముందరి సెన్సర్‌కు తగిలితే, పెట్రోలు చాలడం లేదనుకుని ఈసీయూ మరింత పోస్తుంది. మైలేజీ పడిపోవడానికి నాసిరకం వెల్డింగ్ ఒక్కటి చాలు.

బీఎస్-6 డీజిల్ వాహనాల్లో పొగమసిని పట్టే డీపీఎఫ్‌ను ప్రోగ్రామ్ మార్చకుండా తీస్తే, పీడన సెన్సర్ల లెక్క తప్పి బండి శక్తి తగ్గించుకుని నడిచే స్థితికి పోవచ్చు. కార్బురేటర్ బైకుల్లో జెట్ మార్చకపోతే మిశ్రమం పలచబడి, ఆక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ టపటపమంటుంది.

ఉద్గారాలు, చట్టం

వేడెక్కిన మూడు విధాల కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లను 90 శాతానికి పైగా మారుస్తుంది. అది లేకపోతే బీఎస్-4 పెట్రోలు కారు ఐడ్లింగ్ పరిమితులను (కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం) దాటడం కష్టమేమీ కాదు. పెట్రోలు బంకుల దగ్గర వ్యాన్లలో చేసే పీయూసీ (కాలుష్య తనిఖీ) పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. ఆ మేరకు అసలు నష్టం సర్టిఫికెట్‌లో కనిపించదు.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఏ(4) ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

తీసిన డబ్బాకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వల్ల తుక్కు బజారులో మంచి ధర ఉంది. గుజరాత్, మహారాష్ట్రలలో మారుతీ ఈకో వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు వరసగా ఎత్తుకుపోవడానికి కారణం ఈ లోహాలే.