పంటి పూరణములోని పాదరసము
పుచ్చిన పంటిని పూడ్చుటకై వాడెడి సిల్వరు ఫిల్లింగులో ఇంచుమించు సగము బరువు పాదరసమే. దానినిగూర్చిన వివాదమును చెప్పెడివారిలో కొందఱు, దంతవైద్యులు లాభాపేక్షచే విషమును దాచిరనియు, మఱికొందఱు శాస్త్రము మూఢభయమును జయించినదనియు వ్రాయుచున్నారు. ఇరువురి దృష్టియు రోగి నోటికడనే ఆగినది. పాదరసమును కలిపిన చేతులనుగూర్చి విచారించినవారు అరుదు.

1826 ప్రాంతమున పారిస్‌లో తావో అను దంతవైద్యుడు వెండి నాణెముల పొడిని పాదరసముతో మేళవించెననియు, 1833లో క్రాకూర్ సోదరులు ఆ పద్ధతిని న్యూయార్కునకు కొనిపోయిరనియు, 1845లో అమెరికా దంతశస్త్రవైద్యుల సంఘము దానిని వాడబోమని సభ్యులచే ప్రతిజ్ఞ చేయించి, ఐదేండ్లకే వెనుదీసి, 1856లో తానే అంతరించెననియు సర్వవిదితము. 1895లో అమెరికా దంతవైద్యుడు జి. వి. బ్లాక్ మిశ్రమపు పాళ్ళను స్థిరపఱచెను.

విచారింపవలసినది 1926 నాటి ఘట్టము. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ స్టాక్, తలనొప్పితోను మతిమఱుపుతోను ఏండ్లతరబడి బాధపడి, ప్రయోగశాలలోని పాదరసపు ఆవిరియే దానికి కారణమని తుదకు గుర్తించి, దంతపూరణలలోను పాదరసమును వీలైనంత వఱకు విడనాడవలయునని ఎలుగెత్తెను. ఆయనను రోగుల పక్షపు సాక్షిగా నిలుపుట నాకు సమ్మతము కాదు. ఆయనను బాధించిన విషము ప్రధానముగ గదిలోని గాలివలన సోకినది. పాదరసముతో నిత్యము మెలగు గదియే ప్రమాదస్థానమనుటకు మాత్రము అంతకన్న బలమైన సాక్ష్యము లేదు. ఆ కాలమున రాగి మిశ్రమపు బిళ్ళను గరిటెలో మంటపై కాచి, పాదరసపు బొట్లు పైకుబికిన పిమ్మట కల్వమున నూఱెడివారు. వెండి మిశ్రమమునుండి అధిక పాదరసమును గుడ్డలో పిండెడివారు. ఆ పని తఱచు సహాయకులకే దక్కెడిది.

2006లో ప్రకటితమైన పరీక్షలు, అమెరికాలో 534 మంది, లిస్బనులో 507 మంది బాలలపై జరిగినవి, ఈ పూరణవలన బుద్ధికిగాని నాడులకుగాని హాని కనుగొనలేదు. ఆ తీర్పు నాకు శిరోధార్యము. ఐనను అది సహాయకునిగూర్చి ఏమియు చెప్పదు. రోగి మాటకు వచ్చినచో, చెక్కుచెదరని పూరణను భయముచే తొలిపించుకొనుట అవివేకము. తొలుచునపుడే ఆవిరి మిక్కుటముగ వెడలును.

2017లో అమలునకు వచ్చిన పాదరసమును నియంత్రించు మినమాత ఒడంబడికను మన దేశము 2018లో ఆమోదించినది; దంతమిశ్రమమును 2034 నాటికి మానవలెనని 2025లో జెనీవాలో నిర్ణయమైనది. నిర్ణయము మంచిదే, గడువు దీర్ఘము; అందాక గదిలోని గాలిని పట్టించుకొనవలెను. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము గాలి ధారాళముగ ఆడు గదుల విలువను శతాబ్దము క్రిందటనే ఈ సీమకు నేర్పినది. చిన్న దంతవైద్యశాలల కిటికీలకు ఆ పాఠము ఇంకను వర్తించును. చెరువులే ఆధారమైన ఈ మెట్టసీమలో పాదరసము కలిసిన పూరణ తునకలు కాలువపాలగుట సహింపరానిది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పాఠకులారా, పంటికి వెండియా తెల్ల సిమెంటా అని అడుగుటతో ఆగకుడు. ముందే కొలిచి మూసిన క్యాప్సూలులనే వాడుచున్నారా, తొలిచిన తునకలు ఎచటికి పోవుచున్నవి, మిశ్రమమును కలుపు పిల్లవానికి గాలి ఆడు గది ఉన్నదా అని కూడ అడుగుడు.